హెడ్‌షాట్, సెల్ఫ్ టేప్ ప్యాకేజీ రివ్యూ: పని చేసే నటులకు ఉపయోగమేనా?

నటులకు మాత్రమే ఫోటోలు తీసే ఒక స్టూడియోలో హెడ్‌షాట్లు (అవకాశాల కోసం పంపే ముఖం ఫోటోలు), సెల్ఫ్ టేప్ (మనమే రికార్డ్ చేసి పంపే ఆడిషన్ వీడియో) ట్రైనింగ్ కలిపి ప్యాకేజీగా తీసుకున్నాను. చిన్న పాత్రలు చేస్తూ ఆడిషన్లు ఇస్తూ ఉన్నవాళ్లు ఇలాంటి వాటికి డబ్బు పెట్టొచ్చా అని తరచూ అడుగుతుంటారు కాబట్టి వివరంగా రాస్తున్నా. నా మాట అయితే పెట్టొచ్చు. రెండు విషయాల్లో మాత్రం గట్టి అభ్యంతరాలున్నాయి, అవీ చెప్తాను.

బాగా నచ్చింది ఏంటంటే, ఫోటోగ్రాఫర్ కెమెరా పట్టుకోకముందే కూర్చోబెట్టి, ఇప్పటిదాకా ఎలాంటి పాత్రలు వచ్చాయి, ఇకముందు ఏవి రావాలనుకుంటున్నారు అని అడిగారు. మామూలు ఫోటో స్టూడియోలో ఈ ప్రశ్న రాదు, అక్కడ అందంగా వచ్చామా లేదా అన్నదే చూస్తారు. కాస్టింగ్ వాళ్లు చూసేది వేరు. వాళ్ల స్క్రీన్ మీద గోరంత సైజులో బోలెడు ముఖాలు వరుసగా కనిపిస్తుంటాయి, అందులో ఈ మనిషి లాయర్‌కి సరిపోతాడా, చిన్న పిల్లల తండ్రికి సరిపోతాడా అని ఒక్క చూపులో తేల్చుకుంటారు, ఆ తర్వాత పిలిచినప్పుడు ఫోటోలో ఉన్న మనిషే గదిలోకి రావాలి. వేరే మనిషి వస్తే మనం ఎంత బాగా చేసినా మొదటి నిమిషం అక్కడే పోతుంది.

అందుకే రెండు రకాలు తీశారు. ఒకటి యాడ్స్ కోసం, నవ్వుతూ, వెలుతురు ఎక్కువగా. రెండోది సినిమాలు, సిరీస్‌ల కోసం, ముఖం మామూలుగా ఉండి కళ్లలో ఏదో ఆలోచన నడుస్తున్నట్టు. ఆ రెండోదానికి "సీరియస్‌గా చూడండి" అనలేదు, చిన్న చిన్న సందర్భాలు చెప్పి వాటికి నేను స్పందిస్తుంటే క్లిక్ చేస్తూ పోయారు, ఫలితంలో తేడా స్పష్టంగా కనిపించింది. బట్టల విషయంలోనూ సలహాలు పనికొచ్చాయి: సన్న గీతలు, చిన్న గళ్లు కెమెరాలో అలలు అలలుగా కదులుతాయి, తెల్లటి చొక్కా ముఖం కంటే ముందు కంట్లో పడుతుంది, పెద్ద నగలు, లోగోలు వద్దు. ఫోన్ దగ్గరగా పెట్టి తీసుకున్న సెల్ఫీలో ముక్కు పెద్దగా, చెవులు వెనక్కి పోయినట్టు వస్తాయి కదా, అలాంటి ఫోటోని హెడ్‌షాట్‌గా పంపేవాళ్లు ఇంకా ఉన్నారు, దయచేసి పంపకండి. కొంచెం దూరం నుంచి 85 ఎంఎం లాంటి లెన్స్‌తో తీస్తేనే మన ముఖం మన ముఖంలా వస్తుంది.

ఇక మొదటి అభ్యంతరం. రీటచింగ్ అతిగా చేశారు. కళ్ల కింద గీతలు, నుదుటి మీద పాత మచ్చ అన్నీ మాయం! మొటిమ తీసేయొచ్చు, అది వారంలో ఎలాగూ పోతుంది, కానీ మచ్చ, ముడత నా ముఖంలో భాగం, వాటివల్లే వచ్చే పాత్రలూ ఉంటాయి. అడిగితే మళ్లీ చేసి ఇచ్చారు, గొడవేమీ లేదు, కాకపోతే నటుల కోసమే అని చెప్పుకునే చోట ఇది అడగాల్సిన అవసరం రాకూడదు.

సెల్ఫ్ టేప్ భాగం మాత్రం పెట్టిన ప్రతి రూపాయికీ తగ్గట్టుంది. సెల్ఫ్ టేప్‌ని కూడా ఆడిషన్‌గానే చూడాలి, అది పనే. అమెరికాలో 2023 సమ్మె తర్వాత నటుల యూనియన్ శాగ్-ఆఫ్ట్రా కుదుర్చుకున్న ఒప్పందంలో దీని కోసం ప్రత్యేకంగా నిబంధనలే పెట్టించుకున్నారు. స్టూడియోలో ఖరీదైన కెమెరాతో కాకుండా మన ఫోన్‌తోనే నేర్పడం నాకు చాలా నచ్చింది. ఫోన్ అడ్డంగా, వెనక కెమెరాతో, 1080పీలో. వెనకాల లేత బూడిద రంగో నీలమో ఒకే రంగు గోడ. ఫ్రేమ్ ఛాతీ నుంచి పైకి. లైట్ ఎదురుగా కాకుండా కొంచెం పక్కగా, మెత్తగా పడాలి, రింగ్ లైట్ అయితే కళ్లజోడులో గుండ్రంగా కనిపించి చూసేవాళ్ల దృష్టి అక్కడికే పోతుంది. ఎదుటి పాత్ర డైలాగులు చదివే మనిషి లెన్స్ పక్కనే, మన కళ్ల ఎత్తులో నిలబడాలి, గొంతు మన కంటే తగ్గించి చదవాలి. లెన్స్‌లోకి చూడాల్సింది స్లేట్ చెప్పేటప్పుడు మాత్రమే, అంటే పేరు, ఎత్తు, ఇంకా వాళ్లు అడిగిన వివరాలు. సీన్‌లో ఇద్దరితో మాట్లాడాల్సి వస్తే లెన్స్‌కి అటొకరు ఇటొకరు ఉన్నట్టు ముందే చోట్లు అనుకోవాలి, లేకపోతే చూపు తడబడుతుంది.

అయితే వీటన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడింది టేక్ అయిపోయిన తర్వాతి రెండు సెకన్ల గురించి ట్రైనర్ చెప్పింది. చాలామందిమి చివరి డైలాగ్ అవ్వగానే ముఖం ముడుచుకుంటాం, "సారీ, బాగా రాలేదు" అంటాం. చూసేవాళ్లు ఇంకా ఏ నిర్ణయానికీ రాకముందే మనమే తీర్పు చెప్పేస్తున్నాం. డైలాగ్ అయ్యాక పాత్రలోనే ఇంకాస్త ఉండి, తర్వాత మామూలుగా ఆపాలి, అంతే. పరిచయం చేసుకునేటప్పుడూ ఇదే సంగతి. "ఏదో చిన్న చిన్న వేషాలు వేస్తున్నానండి" అని మొదలుపెడితే వినేవాళ్లు ఆ మాటే నమ్ముతారు. ఏ ప్రాజెక్ట్, ఏ పాత్ర, ఎవరి దర్శకత్వంలో అని సూటిగా చెప్పాలి, ఒక్క సీన్ అయినా సరే, పెంచి చెప్పక్కర్లేదు, తగ్గించి చెప్పక్కర్లేదు. రెజ్యూమె కూడా ఒక్క పేజీలో ఇలాగే ఉండాలి, గుర్రపు స్వారీ వచ్చని రాస్తే రేపు సెట్‌లో గుర్రం ఎక్కమంటారు, ఎక్కగలిగితేనే రాయాలి.

రెండో అభ్యంతరం కూడా ఇక్కడే. ఇంత బాగా చెప్పిన వాళ్లు చివర్లో అందరికీ ఒకే పరిచయ వాక్యాల నమూనా ఇచ్చారు, మా బ్యాచ్‌లో అందరూ దాదాపు ఒకే మాటలు బట్టీ పట్టి చెప్పారు. నిమ్మదిగా మాట్లాడే మనిషిని హుషారుగా మాట్లాడించడం ఆత్మవిశ్వాసం కాదు, అది ఇంకో పాత్ర అవుతుంది, గదిలో రెండో ప్రశ్న అడగగానే ఊడిపోతుంది. ఆ నమూనా పక్కన పెట్టి నా మాటల్లోనే రాసుకున్నాను.

డెమో రీల్ (మనం చేసిన సీన్లలోంచి క్లిప్పులు కలిపిన చిన్న వీడియో) గురించి ప్యాకేజీలో చెప్పింది తక్కువే, ఒకటి రెండు నిమిషాలు మించకుండా మొదటి క్లిప్‌లోనే మన ముఖం కనపడాలి అన్నంతవరకే. ఎడిటింగ్ చేసి ఇస్తారనుకుని వెళ్లొద్దు.

ఇప్పుడిప్పుడే నటన నేర్చుకుంటున్నవాళ్లకి ఇది తొందరే, వాళ్లు ఆ డబ్బు క్లాసులకి పెట్టుకోవడం మంచిది. కొన్ని పాత్రలు చేసి, పాత ఫోటోకీ ఇప్పటి ముఖానికీ పోలిక తగ్గినవాళ్లు తప్పకుండా తీసుకోండి. బుక్ చేసేటప్పుడే మచ్చలు, ముడతలు ముట్టుకోవద్దని మెసేజ్ పెట్టండి, ఆన్‌లైన్‌లో అప్‌లోడ్ చేసే సైజులో ఫైళ్లు విడిగా ఇమ్మని కూడా అడగండి, నాకు ఇచ్చినవి 8x10 అంగుళాల ప్రింట్‌కి తగ్గ పెద్ద ఫైళ్లు మాత్రమే.