ఎన్‌పీటెల్ జూలై సెమిస్టర్: పాఠానికి పూర్తి మార్కులు, ఫారానికి కాదు

జూలైలో చెన్నై ఇంజనీరింగ్ కాలేజీలు తెరవగానే క్లాసు వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ పడుతుంది: అందరూ ఈ వారంలోగా ఒక ఎన్‌పీటెల్ (ఐఐటీల ఆన్‌లైన్ పాఠాలు) కోర్సులో చేరాలి, స్క్రీన్‌షాట్ పెట్టాలి. పొత్తేరి నుంచి కేళంబాక్కం దాకా హాస్టళ్ళలో ఉన్న మన తెలుగు పిల్లలు చాలామంది సీనియర్ పంపిన లింకు నొక్కి, కనబడిన కోర్సులో చేరి, స్క్రీన్‌షాట్ పంపి మరిచిపోతారు. మళ్ళీ గుర్తొచ్చేది పరీక్ష ఫీజు 1000 రూపాయలు కట్టేటప్పుడు. ఆ డబ్బు నీళ్ళపాలయ్యే చోట్లు చాలావరకు ముందే తెలిసినవి. పాఠం కష్టమై పోయేది తక్కువ, ఫారంలోనూ గడువులోనూ పోయేదే ఎక్కువ.

ఇంతకీ సరుకు ఎలాంటిది? బెంగళూరు ఐఐఎస్‌సీ, ఏడు ఐఐటీలు కలిసి 2003లో మొదలుపెట్టిన ప్రాజెక్టు ఇది, వ్యవహారం నడిపేది ఐఐటీ మద్రాసు. మొదట్లో ఉత్త వీడియో పాఠాలే. 2014 నుంచి వారంవారం అసైన్‌మెంట్లు, చివర హాల్లో కూర్చుని రాసే పరీక్ష, సర్టిఫికెట్ వచ్చాయి. చేరడానికి, వీడియోలు చూడడానికి, అసైన్‌మెంట్లు రాయడానికి పైసా ఖర్చు లేదు. పరీక్ష రాయాలంటేనే కోర్సుకు 1000 రూపాయలు. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు సగం, అందుకు ధ్రువపత్రం అప్‌లోడ్ చేయాలి. పాఠాలు మాత్రం నిజంగా గొప్పవి. చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ మాధవన్ ముకుంద్ పైథాన్‌లో డేటా స్ట్రక్చర్లు చెప్పే ఎనిమిది వారాల కోర్సు లాంటిది డబ్బు పోసి కొన్నా దొరకడం కష్టం. ఒక్కో వీడియో సుమారు అరగంట, బోర్డు మీద నింపాదిగా నడుస్తుంది. రీళ్ళకు అలవాటుపడ్డ కంటికి మొదటి రెండు రోజులు నిద్ర వస్తుంది, 1.25 వేగంలో పెట్టుకుంటే సరిపోతుంది.

ముందు ఒక గందరగోళం తేల్చుకోవాలి. ఎన్‌పీటెల్ కోర్సులు కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల పోర్టల్ 'స్వయం'లోనే కనబడతాయి, కానీ స్వయంలో ఉన్నవన్నీ ఎన్‌పీటెల్‌వి కావు. అక్కడ యూజీసీ, ఇగ్నో, బెంగళూరు ఐఐఎం వంటి సంస్థల కోర్సులు కూడా ఉంటాయి. ఎన్‌పీటెల్ కానివాటికి పరీక్ష పెట్టేది జాతీయ పరీక్షల సంస్థ ఎన్‌టీఏ. ఆ రిజిస్ట్రేషన్ వేరు, తేదీలు వేరు, అసైన్‌మెంట్లకు, పరీక్షకు మార్కుల వాటా కూడా ఎన్‌పీటెల్‌లోలా 25, 75 కాదు, 30, 70. డిపార్ట్‌మెంట్ 'ఎన్‌పీటెల్' అని అడిగితే కోర్సు పేజీలో సమన్వయ సంస్థ పేరు చూసే చేరండి.

తరవాత వారాలు. నాలుగు వారాల కోర్సుకు 1 క్రెడిట్, ఎనిమిదింటికి 2, పన్నెండింటికి 3. మీ సిలబస్‌లో 4 క్రెడిట్ల ఎలెక్టివ్‌కు బదులుగా పన్నెండు వారాల కోర్సు చేసినా ఒక క్రెడిట్ లోటు ఉంటుంది. ఆ లోటు పూడ్చడానికి ఏం చేయాలో ఒక్కో యూనివర్సిటీది ఒక్కో నిబంధన. యూజీసీ 2021 నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్‌లో 40 శాతం వరకు కోర్సులు స్వయం ద్వారా చేయనివ్వవచ్చు. చేయనివ్వవచ్చు అంతే, కాలేజీ ఇచ్చి తీరాలని కాదు. 'క్రెడిట్ వస్తుందట' అన్న హాస్టల్ మాట నమ్మకుండా, ఏ కోర్సు ఏ సబ్జెక్టుకు బదులో డిపార్ట్‌మెంట్ కోఆర్డినేటర్ చేత కాగితం మీదో మెయిల్‌లోనో రాయించుకోండి. కోర్సు అయ్యాక అడిగితే చిరునవ్వే సమాధానం.

ఒకే పేరుతో రెండు కోర్సులు ఉండటం ఇంకో చిక్కు. ఇంట్రడక్షన్ టు మెషిన్ లెర్నింగ్ అని ఐఐటీ మద్రాసు బలరామన్ రవీంద్రన్‌ది ఒకటి, ఐఐటీ ఖరగ్‌పూర్ సుదేష్ణా సర్కార్‌ది ఒకటి ఉన్నాయి. మొదటిది పన్నెండు వారాలు, గణితం పాళ్ళు ఎక్కువ. లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ మరిచిపోయినవాళ్ళు మూడో వారానికే చేతులెత్తేస్తారు. పాత వీడియోలు యూట్యూబ్‌లో ఎటూ ఉంటాయి కాబట్టి, చేరేముందే ఐదో వారం పాఠం ఒకటి చూడండి. మొదటి వారం ఎవరికైనా సులువుగానే ఉంటుంది, ఐదో వారమే అసలు రంగు చూపిస్తుంది.

ఇక అసైన్‌మెంట్లు. వారానికి ఒకటి, గడువు సాధారణంగా బుధవారం రాత్రి 11:59. దాటితే దాటినట్టే, బతిమాలినా వినేవాళ్ళు లేరు. గడువులోగా ఎన్నిసార్లయినా సబ్మిట్ చేయవచ్చు, చివరిదే లెక్క. అందుకని సోమవారమే ఒకసారి పెట్టేసి, మంగళవారం అనుమానాలు తీరాక దిద్దుకోవడం తెలివైన పని. సబ్మిట్ నొక్కాక పేజీని మళ్ళీ తెరిచి, మీ చివరి సబ్మిషన్ ఫలానా తేదీ, ఫలానా సమయానికి నమోదైందన్న వాక్యం కనబడిందో లేదో చూడండి. హాస్టల్ వైఫై నీరసపడే రాత్రి పదకొండున్నరకు నొక్కి పడుకున్నవాళ్ళే పొద్దున్నే సున్నా చూసేది. 'జీరోత్ వీక్' అసైన్‌మెంట్ మార్కుల్లోకి రాదు, అది పోర్టల్ అలవాటు కావడానికే.

పన్నెండింటిలో మేలైన 8 అసైన్‌మెంట్లే లెక్కలోకి వస్తాయి (ఎనిమిది వారాల కోర్సులో 6, నాలుగింటిలో 3). నాలుగు వదిలేయవచ్చు కదా అని జూలైలోనే వదిలేయడం మొదలుపెడతారు. తప్పు అక్కడే. జూలై చివర మొదలైన పన్నెండు వారాల కోర్సుకు చివరి వారాలు వచ్చేసరికి దసరా, కాలేజీ ఇంటర్నల్స్ రెండూ మీద పడతాయి. వదులుకునే నాలుగూ ఆ రోజులకు దాచుకోండి. మొదటి ఎనిమిదీ ఒక్కటి కూడా తప్పకుండా రాయండి.

పాసు లెక్కలో రెండు గడులు విడివిడిగా దాటాలి. అసైన్‌మెంట్ల సగటుకు 25 శాతం వాటా, అందులో కనీసం 10 రావాలి. పరీక్షకు 75 శాతం, అందులో కనీసం 30. ఒకటి ఎక్కువై రెండోది తక్కువైతే సర్దుబాటు ఉండదు. అసైన్‌మెంట్లలో నూటికి నూరు, పరీక్షలో నూటికి 39 వచ్చిన వ్యక్తిని తీసుకోండి. 25కు 25, 75కు 29.25, మొత్తం 54 దాటింది. అయినా సర్టిఫికెట్ రాదు. టెలిగ్రామ్ గ్రూపుల్లో జవాబులు దించుకునేవాళ్ళకు సరిగ్గా జరిగేది ఇదే: అసైన్‌మెంట్ల గడి నిండుతుంది, పరీక్ష గడి ఖాళీగా మిగులుతుంది. పాసైనవాళ్ళలో 40 నుంచి 59 వరకు మామూలు సర్టిఫికెట్, 60 నుంచి ఎలీట్, 75 నుంచి ఎలీట్ సిల్వర్, 90 నుంచి ఎలీట్ గోల్డ్. అసైన్‌మెంట్ సగటు 80, పరీక్షలో 52 వస్తే 20 ప్లస్ 39, అంటే 59. ఒక్క మార్కులో ఎలీట్ పోతుంది. తేలికగా సంపాదించుకోగల అసైన్‌మెంట్ మార్కుల్ని వదులుకోకూడదనేది ఇందుకే. కొన్ని ప్రోగ్రామింగ్ కోర్సుల్లో కోడ్ రాసే అసైన్‌మెంట్లకు, కోడింగ్ పరీక్షకు వేరే లెక్క ఉంటుంది, అది కోర్సు పరిచయం పేజీలోనే రాసి ఉంటుంది.

అసలు గొడవంతా పరీక్ష ఫారంలో. కోర్సులో చేరడం, పరీక్షకు రిజిస్టర్ కావడం రెండు వేరు పనులు. రెండోదాని గడువు మామూలుగా ఆగస్టు మధ్యలో ముగుస్తుంది. కోర్సులో ఏ మెయిల్‌తో చేరారో పరీక్షకూ అదే మెయిల్ వాడాలి. కాలేజీ మెయిల్‌తో చేరి, ఫీజు జీమెయిల్‌తో కడితే మీ అసైన్‌మెంట్ మార్కులు ఒక చోట, పరీక్ష మరో చోట ఉండిపోతాయి. ప్రొఫైల్‌లో కాలేజీని లోకల్ చాప్టర్‌గా (ఎన్‌పీటెల్‌తో అనుసంధానమైన కాలేజీగా) ఎంచుకుని రోల్ నంబర్ సరిగ్గా కొట్టకపోతే కాలేజీ ప్రతినిధికి వెళ్ళే జాబితాలో మీ పేరే ఉండదు.

పేరు సంగతి తెలుగువాళ్ళకు ప్రత్యేకమైన తలనొప్పి. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు, పూర్తిగా ఉంటుంది. చెన్నై కాలేజీ రికార్డులోకి వచ్చేసరికి తమిళ పద్ధతిలో ఇంటిపేరు కాస్తా చివర ఒక పొడి అక్షరంగా మారుతుంది. ఆధార్‌లో ఇంకో రకం. సర్టిఫికెట్ మీద మీరు ఫారంలో కొట్టిన పేరే, మీరు పెట్టిన ఫొటోనే అచ్చవుతాయి, తరవాత మార్చరు. క్రెడిట్లు చేరాల్సిన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ (ఏబీసీ) ఖాతా డిజిలాకర్ ద్వారా ఆధార్ పేరుతో తెరుస్తారు. ఈ పేర్లు పొసగకపోతే క్రెడిట్ ఎక్కడో ఇరుక్కుంటుంది. కాబట్టి జూలైలోనే ఆధార్, కాలేజీ రికార్డు ఒకే తీరుకు తెచ్చుకుని, ఆ పేరే అక్షరం పొల్లుపోకుండా ఫారంలో కొట్టండి. 12 అంకెల ఏబీసీ ఐడీ కూడా అప్పుడే తీసి పెట్టుకోండి. సెల్ఫీ కత్తిరించి పెట్టకుండా ముప్పై రూపాయలో యాభయ్యో పెట్టి మంచి ఫొటో దిగండి, ఉద్యోగం ఇచ్చేవాళ్ళు కూడా చూసేది అదే.

ఫారంలో ఊరు ఎంచుకోవచ్చు, సెంటర్ ఎంచుకోలేరు. జూలై బ్యాచ్‌లో పన్నెండు వారాల కోర్సుల పరీక్షలు అక్టోబరు చివర, నవంబరు మొదట్లో శని ఆదివారాలకు పడతాయి, దీపావళి కూడా ఆ చుట్టుపక్కలే. పండక్కి ఇంటికి వెళ్ళేవాళ్ళు విజయవాడో తిరుపతో పెట్టుకోవడం మంచిది, కాకపోతే రైలు టికెట్ ముందే ఉండాలి. మీ కోర్సు పరీక్ష తేదీ కోర్సు పేజీలోనే ఉంటుంది. రెండు కోర్సులు ఒకే పూట పడితే ఒకటి పోయినట్టే. కాలేజీ ప్రాక్టికల్స్ తేదీలతోనూ పోల్చి చూడండి. ఎన్‌పీటెల్ పరీక్ష ఉందంటే ల్యాబ్ తేదీ మార్చే కాలేజీలు తక్కువ, ఆ పేపర్ అరియర్‌గా (మనవాళ్ళ భాషలో బ్యాక్‌లాగ్‌గా) మిగిలితే పోయేది 1000 రూపాయలు కాదు.

చెన్నై పెట్టుకున్నవాళ్ళు దూరం లెక్కేసుకోండి. పొద్దుటి పూట పరీక్ష 9 నుంచి 12, మధ్యాహ్నం 2 నుంచి 5. పొత్తేరిలో ఉండేవాళ్ళకు అంబత్తూరు వైపు సెంటర్ పడిందనుకోండి. బీచ్ లైన్‌లో పార్క్ స్టేషన్‌కు గంటకు పైనే, రోడ్డు దాటి మూర్ మార్కెట్ కాంప్లెక్స్‌లో ఇంకో లోకల్ పట్టుకోవాలి. ఆదివారం రైళ్ళు పలుచగా ఉంటాయి. ఐదున్నరకల్లా బయలుదేరితేనే హాల్ టికెట్ మీద రాసిన రిపోర్టింగ్ సమయానికి చేరతారు. హాల్ టికెట్ ప్రింటు, ఫొటో ఉన్న అసలు గుర్తింపు కార్డు చేతిలో ఉండాలి, ఫోన్‌లో చూపిస్తామంటే కుదరదు. కాలిక్యులేటర్ కంప్యూటర్ తెర మీదే ఉంటుంది. మౌస్‌తో నొక్కుతూ లెక్కలు చేయడం ఇంట్లో రెండు రోజులు అలవాటు చేసుకోకపోతే న్యూమరికల్ ప్రశ్నల దగ్గర టైమ్ కారిపోతుంది.

కొన్ని కోర్సుల పాఠాల రాతప్రతులు తెలుగులో కూడా పీడీఎఫ్‌గా దొరుకుతాయి. భాష చాలాచోట్ల అనువాదం వాసన కొడుతుంది. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్ళకు మొదటిసారి విషయం అర్థం కావడానికి పనికొస్తాయి, పరీక్ష ఇంగ్లీషులోనే కాబట్టి అక్కడే ఆగిపోకూడదు.

1000 రూపాయలు కట్టాలా? క్రెడిట్ రాతపూర్వకంగా ఖాయమైతే కళ్ళు మూసుకుని కట్టవచ్చు, పాసైనవాళ్ళకు ఫీజు వెనక్కి ఇచ్చే కాలేజీలూ ఉన్నాయి, అడగండి. క్రెడిట్ లేకుండా రెజ్యుమేలో ఒక లైను కోసమైతే ఎలీట్ వస్తుందన్న నమ్మకం ఉంటేనే కట్టండి. ఆగస్టు మధ్యకు మొదటి రెండు అసైన్‌మెంట్ల మార్కులు చేతిలో ఉంటాయి, అవి చూసుకునే నిర్ణయించుకోవచ్చు. నేర్చుకోవడమే కావాలంటే కట్టనే అక్కర్లేదు.

ఫస్టియర్ వాళ్ళు ఈ జూలై బ్యాచ్ జోలికి రాకపోవడం మేలు. కౌన్సెలింగ్ ముగిసి క్లాసులు మొదలయ్యేసరికి కోర్సులో చేరే గడువు చాలావరకు దాటిపోతుంది. జనవరిలో ఇంకో బ్యాచ్ మొదలవుతుంది. ఈలోగా ఏబీసీ ఐడీ, పేరు సవరణ పూర్తి చేసి, నచ్చిన కోర్సు పాత వీడియోలు నాలుగు వారాలవి చూసేసి ఉంటే సరి.