ఇంటి చెత్త తగ్గాలంటే ఏది మేలు: రీసైక్లింగా, ఎరువా, కొనేటప్పుడే జాగ్రత్తా?

"ప్లాస్టిక్ అంతా వేరుచేసి ఇచ్చేస్తున్నాం కదా, ఇంకేం చేయాలి?" అని చాలామంది అడుగుతుంటారు. చేస్తున్నది మంచి పనే. కానీ మన ఊళ్లలో ఇంటి చెత్త తూకం వేస్తే సగానికి పైగా తడిచెత్తే ఉంటుంది: కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం, టీ పిప్పి, వాడిన పూలు. దాన్ని వదిలేసి ప్లాస్టిక్ గురించే టెన్షన్ పడితే బుట్ట బరువు తగ్గదు.

రీసైక్లింగ్ అన్ని వస్తువులకీ ఒకేలా పనిచేయదు. ఇనుము, అల్యూమినియం, గాజు ఎన్నిసార్లు కరిగించినా పనికొస్తాయి. పాత అల్యూమినియాన్ని కరిగిస్తే, ఖనిజం నుంచి కొత్తగా తీయడానికి పట్టే శక్తిలో 95 శాతం దాకా ఆదా అవుతుంది. చిక్కంతా ప్లాస్టిక్‌తోనే. కరిగించిన కొద్దీ దాని నాణ్యత పడిపోతుంది. చిప్స్ ప్యాకెట్లయితే అసలు కరిగించడానికే ఎవరూ తీసుకోరు. వాటిలో ప్లాస్టిక్, అల్యూమినియం పొరలు అతుక్కుని ఉంటాయి, విడదీసే ఖర్చు గిట్టుబాటు కాదు. మా వీధిలోకి పాత సామాన్లకి వచ్చే ఆయనకి పక్కింటావిడ ఒక సంచి నిండా ఇలాంటి కవర్లు ఇవ్వబోయింది. ఆయన ఒకటి తీసి గరగరలాడించి చూసి, "ఇవి ఎవరూ కొనరమ్మా, పాల కవర్లుంటే ఇవ్వండి" అన్నాడు.

పాల కవర్లు కడిగి ఆరబెడితే నిజంగానే అమ్ముడుపోతాయి. కాకపోతే కత్తిరించేటప్పుడు మూల పూర్తిగా తెంచేయకండి. ఆ చిన్న ముక్కని ఏరేవాళ్లు ఉండరు, అది కాలువలోకే పోతుంది. పేపర్ కప్పుల్ని కాగితాల్లో కలపకండి, వాటి లోపల ప్లాస్టిక్ పూత ఉంటుంది. ఇక సాంబారు అంటుకున్న అట్టపెట్టెని పాత పేపర్ల షాపులో కూడా పక్కన పెట్టేస్తారు. తడి, పొడి, ప్రమాదకరమైన చెత్తని ఇంట్లోనే వేరుచేయాలని 2016లో కేంద్రం తెచ్చిన ఘన వ్యర్థాల నిబంధనలు చెప్పింది ఊరికే కాదు.

నా ఓటు మాత్రం ఎరువుకే. అవే తొక్కలు డంపింగ్ యార్డుకి వెళ్తే గాలాడని గుట్టల అడుగున కుళ్లి మీథేన్ వదులుతాయి, నల్లటి ఊట భూగర్భజలంలోకి దిగుతుంది. హైదరాబాద్ జవహర్‌నగర్ యార్డు చుట్టుపక్కల జనం ఆ కంపు గురించీ, పాడైన నీళ్ల గురించీ ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. మన వంటింటి తొక్కల భారం వాళ్లెందుకు మోయాలి?

చిల్లులు పెట్టిన పాత బకెట్ చాలు. అడుగున ఎండుటాకులు, పైన తొక్కలు, మళ్లీ ఎండుటాకులో కొబ్బరి పొట్టో. కాస్త పుల్ల మజ్జిగ చల్లి, రెండు మూడు రోజులకోసారి కలిపితే రెండు నెలల్లో, ఒక్కోసారి ఇంకాస్త ఆలస్యంగా, ఎరువు తయారవుతుంది. వాసన వస్తోందంటే తడి ఎక్కువైందని అర్థం. గుప్పెడు తీసి పిడికిట్లో నొక్కి చూడండి, నీళ్లు కారితే ఇంకొన్ని ఎండుటాకులు వేయండి. మాంసం, చేప ముక్కలు, నూనె కూరలు మాత్రం వేయొద్దు.

మూడోది, అసలు చెత్తని ఇంట్లోకి రానివ్వకపోవడం. చిప్స్ కవర్లకి ఇదొక్కటే మందు. కర్రీ పాయింట్‌కి స్టీలు డబ్బా, చికెన్ షాపుకి మూత గిన్నె, కిరాణాకి గుడ్డ సంచి పట్టుకెళ్లొచ్చు. షాంపూ సాచెట్లకి బదులు పెద్ద సీసా కొనొచ్చు. 2022 జులై 1 నుంచి ప్లాస్టిక్ స్పూన్లు, స్ట్రాలు, ప్లేట్లలాంటివి నిషేధించారు, అయినా ఫంక్షన్లలో ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి. స్టీలు గ్లాసులు అద్దెకి తెస్తే ఆ గుట్ట చాలా తగ్గుతుంది. ఇబ్బందల్లా, సంచి మర్చిపోయిన రోజు మళ్లీ కవరే గతి, ఒక్కోసారి షాపువాళ్లు మన డబ్బాలో వేయడానికి ఒప్పుకోరు.

అందుకే నా లెక్కలో ముందు ఎరువు, తర్వాత కొనడంలో జాగ్రత్త, చివరికి మిగిలినదానికే రీసైక్లింగ్. బాల్కనీ లేని ఫ్లాట్‌లో ఉంటే అసోసియేషన్ మీటింగ్‌లో టెర్రస్ మీద రెండు డ్రమ్ములకి చోటు అడగండి. ఒకటి నిండి మాగేలోపు రెండోది వాడుకోవచ్చు, ఎండుటాకులు కింద చెట్ల దగ్గరే దొరుకుతాయి.