జంబో, ట్రైస్టార్, ఎయిర్‌బస్ 310: పాతికేళ్ళు ఎక్కి దిగినవాడి మాట

2024 ఏప్రిల్‌లో ఎయిరిండియా పాత జంబో విమానం ఒకటి ముంబయిలో పైకి లేచి, రెక్కలు అటూ ఇటూ ఊపి వెళ్ళిపోయిన వీడియో చూసినప్పటి నుంచి ఇది రాయాలనుకుంటున్నా. మాది కోరుట్ల దగ్గర పల్లె. 1988 నుంచి 2013 దాకా దుబాయ్‌లో ఏసీ డక్టుల పని చేశాను. జీఐ రేకు కొలిచి, కోసి, మడిచి, గాలి పోయే గొట్టాలు తయారు చేసి బిల్డింగుల్లో బిగించే పని. సెలవులకు వచ్చినవి, అర్జంటుగా వచ్చినవి కలిపితే రానూ పోనూ ముప్పైకి పైగా ప్రయాణాలు అయ్యాయి. అందులో ఎక్కువ భాగం ఇప్పుడు మన ఆకాశంలో అరుదైపోయిన విమానాల్లోనే.

ముందు దారి సంగతి చెప్తాను, దాన్ని మాత్రం నేను పొగడను. కోరుట్లలో బొంబాయి బస్సెక్కితే నిజామాబాద్, నాందేడ్ మీదుగా మర్నాడు పొద్దెక్కాక దిగేవాళ్ళం, నడుము పనికొచ్చేది కాదు. వరంగల్ మామునూరులో నిజాం కాలంలోనే విమానాశ్రయం కట్టారు, 1981 దాకా నడిచింది, నేను బయలుదేరేనాటికి అది మూతపడి ఏడేళ్ళు. బొంబాయిలో ఏజెంటు చూపించిన గదిలో పన్నెండు మందిమి, ఒకటే నల్లా, ఇవాళ రేపు అంటూ పదకొండు రోజులు. తెచ్చుకున్న సకినాలు అక్కడే అయిపోయాయి. చివరికి చేతికొచ్చిన టికెట్టు చెక్కుబుక్కులా ఉండేది. ప్రతి ఆకు వెనక ఎర్రటి కార్బన్ పూత, చెమట చేత్తో పట్టుకుంటే వేళ్ళు ఎర్రబడేవి. ఆ మరకలున్న ఖాళీ అట్ట ఇప్పటికీ నా ఇనప పెట్టెలో ఉంది. 2008 జూన్ నుంచి ప్రపంచమంతటా కాగితం టికెట్లు పోయి ఈ-టికెట్లు వచ్చాయి, అదే ఏడు మార్చిలో బేగంపేట మూసి శంషాబాద్ తెరిచారు. ఇప్పుడు తెల్లారి శంషాబాద్‌లో దిగినోడు మధ్యాహ్నం ఇంట్లో అన్నం తింటున్నాడు. ఆ బొంబాయి దారి మళ్ళీ ఎవరికీ వద్దు.

విమానాల సంగతి వేరు. నేను మొదట ఎక్కింది ఎయిరిండియా జంబో, బోయింగ్ 747. బొంబాయి సహార్ విమానాశ్రయంలో రాత్రిపూట బస్సులో దాని దగ్గరికి తీసుకెళ్ళారు. తోక కొన 19 మీటర్ల పైమాటే, ఆరంతస్తుల ఎత్తు, మెడ వెనక్కి వంచితే తప్ప కనపడదు. దగ్గరికి పోయాక కిటికీలు చూశాను. ప్రతి కిటికీ చుట్టూ ఎర్ర రంగుతో రాజస్థానీ ఝరోకా తోరణం గీసి ఉంది. అసలు కిటికీ చిన్నదే, ఆ గీతతో మహల్ గవాక్షంలా అయింది. వరుసగా అన్నీ అలాగే. ఒక్కో జంబోకు ఒక్కో చక్రవర్తి పేరు, అశోకుడు, షాజహాన్, మన కృష్ణదేవరాయలు కూడా. రెక్క కింద నిలబడ్డప్పుడు నా గుండె కొట్టుకోవడం నాకే వినిపించింది. పైకి లేస్తుంటే చెవులు మూసుకుపోయి టెన్షన్ పడుతుంటే పక్క సీటు పెద్దమనిషి, మెట్‌పల్లి ఆయన, చెయ్యి పట్టుకుని "ఏం గాదు తమ్మీ, గుటకలు మింగు, చెవులు అయ్యే తెరుచుకుంటయ్" అన్నాడు.

జంబోలో నాకు అన్నిటికంటే నచ్చింది దిగేటప్పటి రెక్క. రెక్క వెనక కిటికీ సీటు దొరికితే కళ్ళు తిప్పేవాణ్ణి కాదు. వెనక అంచు మెల్లగా బయటికి జరిగి, కిందికి వంగి, మూడు పొరలుగా విచ్చుకునేది, పొరల మధ్య సందుల్లోంచి కింద సముద్రం మెరిసేది. వేగం తగ్గించాక కూడా అంత బరువు పడిపోకుండా ఉండాలంటే రెక్క పెద్దదై బాగా వంగాలి, కానీ బాగా వంచితే పైన పోయే గాలి రెక్కను వదిలేస్తుంది. సందుల్లోంచి వచ్చే గాలి దాన్ని మళ్ళీ రెక్కకు అంటిపెట్టి ఉంచుతుంది. మేం డక్టు మూల తిరిగే చోట లోపల వంకర రేకులు పెడతాం, టర్నింగ్ వేన్స్ అంటారు, గాలి చెదరకుండా తిరగడానికి. నా రేకు పని, ఆ రెక్క పని ఒకే జాతివని మొదటిసారి అర్థమైనప్పుడు నాకు కలిగిన గర్వం ఇప్పటికీ తగ్గలేదు. మధ్య నాలుగు సీట్లలో పడితే మాత్రం ఈ భాగ్యమేమీ ఉండదు, మూడు గంటలు ముందు సీటు వీపు చూస్తూ కూర్చోవాలి. ఆ రోజుల్లో ఏ విమానమైనా వెనక వరుసల్లో సిగరెట్లు తాగేవాళ్ళు, దిగాక కూడా చొక్కా అదే వాసన. జంబోకు నా మార్కులు పదికి తొమ్మిది.

ట్రైస్టార్ ఎక్కింది రెండుసార్లే, 1991లో గల్ఫ్ ఎయిర్‌లో బొంబాయి నుంచి బహ్రెయిన్ మీదుగా ఒకసారి, తిరుగు ప్రయాణంలో ఒకసారి. లాక్‌హీడ్ వాళ్ళు 250 మాత్రమే చేసి 1984లో ఆపేశారు, అందుకే చాలామందికి దీని పేరు కూడా తెలియదు. మూడు ఇంజన్లూ రోల్స్ రాయిస్‌వే. మూడోది విమానం పొట్ట చివర కూర్చుంటుంది, దానికి గాలి మాత్రం పైన తోక మొదట్లో ఉన్న నోట్లోంచి పోతుంది. ఆ నోటి నుంచి ఇంజను దాకా ఎస్ ఆకారంలో వంగిన గొట్టం. దాని పోటీదారు డీసీ-10లో గొట్టం తిన్నగా ఉంటుంది, ఇంజను పైన తోకలోనే ఉంటుంది. వంపు పెడితే గాలి ఒత్తిడి పోతుందని మా ఫోర్‌మన్ రోజూ అరిచేవాడు, వీళ్ళేమో అంత పెద్ద గొట్టాన్ని రెండు వంపులు తిప్పి ఇంజన్ని కిందికి తెచ్చారు. ఎంత నున్నగా చేసి ఉంటారో! బహ్రెయిన్‌లో దిగి నడుస్తూ దాన్ని చూడ్డానికే రెండుసార్లు ఆగాను.

ఇక నా మనసుకు దగ్గరది ఎయిర్‌బస్ 310. చూడ్డానికి పొట్టిది, రెండే ఇంజన్లు. దీన్ని జంబో పక్కన పెట్టి ఎవరూ ఫొటో తీయరు. కానీ సీట్లు రెండు-నాలుగు-రెండు, మధ్యలో రెండు దారులు. కిటికీ వైపు దొరికితే మీరు, పక్కన ఒకే ఒక్క మనిషి. దీని అన్న ఏ300 కూడా ఇంతే. 1990లో కువైట్ యుద్ధమప్పుడు అమ్మాన్ నుంచి రెండు నెలల్లో లక్షా డెబ్బై వేల మందికి పైగా మనవాళ్ళను విమానాల్లో తెచ్చారు కదా, మా బావమరిది ఆ ఎయిర్‌బస్సుల్లోనే ఒకదాంట్లో ఇల్లు చేరాడు.

1999లో అమ్మ పోయిందని ఫోనొస్తే ఆ రాత్రే బయలుదేరాను, సీటు 310లో కిటికీ పక్కన. పక్కాయన ఎవరో, మన జిల్లా మనిషే, నా మొహం చూసి ఒక్క మాట అడగలేదు. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. అన్నం బండి వస్తే ఆయనే నా ట్రే తీసుకుని తన బల్ల మీద పెట్టుకున్నాడు, లైట్లు వేసినప్పుడు కాస్త ముందుకు జరిగి దారిలో పోయేవాళ్ళకు నేను కనపడకుండా కూర్చున్నాడు. అటు పక్క గోడ, ఇటు పక్క ఒక్క మనిషి. అంత చాటు దొరికింది కాబట్టే నేను ఏడవగలిగాను. దిగేముందు ఆ ట్రేలో రొట్టె కాగితంలో చుట్టి నా జేబులో పెట్టాడు.

చివరి ఐదారేళ్ళు ఎక్కినవన్నీ సన్న విమానాలు, మూడు-మూడు సీట్లు, ఒకటే దారి. పొగ లేదు, చప్పుడు తక్కువ, నేరుగా హైదరాబాద్, నూనె ఖర్చు కూడా బాగా తక్కువంటారు. అవన్నీ మంచివే, ఒప్పుకుంటాను. కానీ రెండేళ్ళు బిడ్డను చూడని మనిషి, మొన్ననే తండ్రిని పోగొట్టుకున్న మనిషి మధ్య సీట్లో రెండు మోచేతుల మధ్య ఇరుక్కుని వస్తుంటే నాకు కడుపులో దేవినట్టుంటుంది. ఇంకా కొన్నాళ్ళు 310లు మన గల్ఫ్ దారుల్లో తిరిగితే బాగుండేది. దానికి పదికి పది.

జంబో ఎక్కాలని ఉన్నవాళ్ళకు ఇంకా అవకాశం ఉంది. లుఫ్తాన్సా వాళ్ళు ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి నడుపుతూనే ఉన్నారు. బోయింగ్ వాళ్ళు చివరి జంబోను 2023 జనవరిలో అప్పగించేశారు, కొత్తవి రావు, కాబట్టి తొందరపడండి. 747-400 దొరికితే కింది అంతస్తులో, రెక్కకు నాలుగైదు వరుసల వెనక కిటికీ సీటు అడగండి. దిగేటప్పుడు ఫోన్ పక్కన పెట్టి ఆ మూడు పొరలు విచ్చుకోవడం చూడండి.