సెమినార్‌లో పేపర్: ఒకరే స్లైడ్లతో చెప్పడమా, తలా ఒక ఫిగర్ పంచుకోవడమా?

బయాలజీ పీజీ, పీహెచ్‌డీ సెమినార్లు చాలావరకు ఒకే తీరులో నడుస్తాయి. వారానికి ఒకరి వంతు. వంతు వచ్చినవాళ్లు ఒక పేపర్ (అచ్చైన పరిశోధనా వ్యాసం) పట్టుకుని, రెండు రాత్రులు నిద్ర మానుకుని ముప్ఫై స్లైడ్లు చేసుకొస్తారు. మిగతావాళ్లలో సగం మంది పేపర్ చదవకుండానే వచ్చి కూర్చుంటారు. ఆ సంగతి అందరికీ తెలుసు, ఎవరూ బయటికి అనరు. చివర్లో "ప్రశ్నలేమైనా ఉన్నాయా?" అంటే కాసేపు మౌనం. మొహమాటానికి ప్రొఫెసరే ఒకటి అడుగుతారు. తర్వాత చప్పట్లు.

రెండో పద్ధతిలో వంతులుండవు. పేపర్ అందరూ చదివి రావాలి. అందులోని ఏ ఫిగర్ (ఫలితాలు చూపే గ్రాఫ్ లేదా బొమ్మ) ఎవరు వివరించాలో అప్పటికప్పుడు చీటీలు తీసి తేలుస్తారు. స్లైడ్లు లేవు, తెర మీద ఫిగర్ ఒక్కటే ఉంటుంది. చీటీ వచ్చినవాళ్లు మూడు సంగతులు చెప్పాలి: ఈ ప్రయోగం ఏ ప్రశ్న కోసం చేశారు, జవాబు ఇంకోలా ఉండి ఉంటే ఈ బొమ్మ ఎలా కనిపించేది, కంట్రోల్ (పోల్చి చూడటానికి మార్పు చేయకుండా ఉంచినది) ఏది.

నేను రెండూ చేశాను. పేపర్ అర్థం కావాలంటే చీటీలే మేలని నా లెక్క. అయితే స్లైడ్ల పద్ధతిని పూర్తిగా కొట్టిపారేయలేను.

స్లైడ్లలో ఉన్న చిక్కు ఏమిటంటే, చెప్పే మనిషి తెలియకుండానే పేపర్ రాసినవాళ్ల తరఫు వకీలైపోతాడు. వాళ్ల వరస, వాళ్ల బాణాలు, వాళ్ల ముగింపు. నా మొదటి సెమినార్‌లో నేనూ అంతే. బార్ గ్రాఫ్ చూపిస్తూ "తేడా స్పష్టంగా ఉంది" అని ముందుకెళ్లబోతుంటే, వెనక బెంచీ నుంచి ఎవరో "ఆ ఎర్రర్ బార్లు స్టాండర్డ్ డీవియేషనా, స్టాండర్డ్ ఎర్రరా?" అని అడిగారు. మొదటిది కొలతలు ఎంత చెదిరి ఉన్నాయో చెబుతుంది, రెండోది సగటు ఎంత నమ్మదగ్గదో. నాకు తెలియదు. ఫిగర్ కింద రాసే ఉంది, నేనే కత్తిరించి పడేశాను, స్లైడ్ అందంగా కనిపించాలని.

అదే పద్ధతిలో 2010 నాటి ఆర్సెనిక్ బ్యాక్టీరియా పేపర్ తీసుకుంటే ఏమవుతుందో ఊహించండి. కాలిఫోర్నియాలోని మోనో సరస్సులో దొరికిన జీఎఫ్ఏజే-1 అనే బ్యాక్టీరియా ఫాస్ఫరస్ బదులు ఆర్సెనిక్ వాడుకుని పెరుగుతోందని, డీఎన్ఏలో కూడా పెట్టుకుంటోందని ఆ పేపర్ చెప్పింది. స్లైడ్లు చేసేవాళ్లకు అంతకన్నా మంచి కథ దొరకదు. కానీ ఒక్కో ఫిగర్‌నూ నిలబెట్టి అడిగితే రెండే ప్రశ్నలు మిగులుతాయి: మీడియంలో (బ్యాక్టీరియాను పెంచే ద్రావణంలో) మలినంగా మిగిలిన కొద్దిపాటి ఫాస్ఫేట్ (ఫాస్ఫరస్ ఉండే పదార్థం) ఆ పెరుగుదలకు చాలదా? డీఎన్ఏను సరిగ్గా శుభ్రం చేశారా? 2012లో వచ్చిన రెండు పేపర్లు ఈ పునాదినే కదిలించాయి. బ్యాక్టీరియాకు ఫాస్ఫేట్ కావాల్సిందేనని చూపించాయి. 2025లో సైన్స్ పత్రిక అసలు పేపర్‌నే వెనక్కి తీసుకుంది.

చీటీల పద్ధతికి నేను మొదట ఇచ్చే పేపర్ మాత్రం 1958 నాటి మెసెల్సన్, స్టాల్‌లది. పాతది, చిన్నది, ఫిగర్లు తేట. డీఎన్ఏ తన నకలు ఎలా తీసుకుంటుందన్నది దాని ప్రశ్న. ఈ.కోలై బ్యాక్టీరియాను బరువైన నైట్రోజన్-15లో పెంచి, తర్వాత మామూలు నైట్రోజన్-14లోకి మార్చారు. డీఎన్ఏను సీజియం క్లోరైడ్ ద్రావణంలో సెంట్రిఫ్యూజ్ చేసి (అతి వేగంగా తిప్పి), బరువును బట్టి దాని బ్యాండ్ (పట్టీ) ఎక్కడ నిలుస్తుందో చూశారు. ఇక్కడ ఒక కిటుకు ఉంది. మొదటి తరం వరకే చూపించి, మిగతాది కాగితంతో కప్పేయండి. మధ్యలో ఒకటే బ్యాండ్ కనిపిస్తుంది. "ఇప్పుడేం తేలింది?" అని అడగండి. చీటీ వచ్చినవాళ్లు ఠక్కున "సెమీ కన్సర్వేటివ్" (ప్రతి కొత్త డీఎన్ఏలో ఒక పాత పోగు, ఒక కొత్త పోగు) అంటారు, ఇంటర్మీడియట్ నుంచీ బట్టీ పట్టిన మాట కదా. కానీ అక్కడికి తేలింది ఒకటే, కన్సర్వేటివ్ (పాత డీఎన్ఏ మొత్తం అలాగే ఉండి, పక్కన పూర్తిగా కొత్తది తయారవడం) కాదని. పాత, కొత్త ముక్కలు కలగలిసి ఉంటాయనే డిస్పర్సివ్ ఊహకు కూడా ఆ ఒక్క బ్యాండే సరిపోతుంది. రెండో తరం చూపించాక, మధ్యలో ఒకటి, తేలిక వైపు ఒకటి, రెండు బ్యాండ్లు కనబడితేనే ఆ డిస్పర్సివ్ ఊహ పోతుంది. పదేళ్లుగా తెలుసనుకున్న విషయంలో ఎంత తెలుసో అక్కడ బయటపడుతుంది. స్లైడ్లలో ఈ క్షణం రాదు, శీర్షికలోనే జవాబు రాసి ఉంటుంది కాబట్టి.

చీటీలకు ఇబ్బందులు లేవని కాదు. నలుగురిలో నోరు విప్పడానికి భయపడేవాళ్లకు ఆ పది నిమిషాలు నరకం. ముందు తీసుకుంటే కాస్త నయం, ఆదివారం చీటీ, బుధవారం క్లాసు. కానీ అప్పుడు తన ఫిగర్ ఒక్కటే చదువుకుని వచ్చేవాళ్లు మొదలవుతారు. నేను టెన్షన్ ఉన్నా అప్పటికప్పుడు తీసే చీటీల వైపే మొగ్గుతాను, మార్కులు పెట్టకుండా. ఇక ఒక్కో ఫిగర్‌లో పన్నెండు ప్యానెళ్లుండే జీనోమిక్స్ పేపర్లకు ఈ పద్ధతి చేతులెత్తేస్తుంది. సింగిల్ సెల్ సీక్వెన్సింగ్ అంటే ఏమిటో ఎవరో ఒకరు ఇరవై నిమిషాలు కూర్చోబెట్టి చెబితే తప్ప ఆ చుక్కల బొమ్మ మీద మాట్లాడేదేముంది? అక్కడ స్లైడ్లు కావాలి. సొంత థీసిస్ పని చెప్పుకోవడానికీ స్లైడ్లే. రేపు కాన్ఫరెన్స్‌లో నిలబడాల్సింది ఒక్కరే కదా.

"డిస్కషన్ లీడర్" పద్ధతి అని మూడోది ఒకటుంది. ఒకరు ప్రశ్నలు పంపుతారు, అందరూ కూర్చుని మాట్లాడతారు. వినడానికి బాగుంటుంది. నేను చూసినంతలో ఇద్దరు మాట్లాడతారు, మిగతావాళ్లు తల ఊపుతారు.

న్యూయార్క్ సిటీ కాలేజీలో శాలీ హాస్కిన్స్ బృందం తయారుచేసిన క్రియేట్ పద్ధతి నుంచి మాత్రం ఒకటి అరువు తెచ్చుకోవచ్చు. అందులో పేపర్ శీర్షిక, అబ్‌స్ట్రాక్ట్ (సారాంశం) ముందు ఇవ్వరు. ఫిగర్లు అయ్యాక, తర్వాతి ప్రయోగం ఏం చేయాలో విద్యార్థులే తయారుచేస్తారు. మేం గంటలో చివరి పావుగంట దీనికి వదిలేస్తాం. మొదటి ఐదు నిమిషాలు ఒకరు నేపథ్యం చెబుతారు, రెండు స్లైడ్లకు మించకుండా. మూడో స్లైడ్ తెరిస్తే ప్రొజెక్టర్ ఆపేస్తాం. ఇప్పటికి రెండుసార్లు ఆపాల్సి వచ్చింది, అందులో ఒకసారి తెచ్చింది నేనే.