బ్యూడెసొనైడ్ ఇన్‌హేలర్: రక్తం స్లైడ్లు చూసేదాని రివ్యూ

నాకు ఉబ్బసం. నా ఉద్యోగమేమో ల్యాబ్‌లో రక్తం స్లైడ్లు చూడటం. కాబట్టి ఈ రివ్యూలో ఇసినోఫిల్స్ అనే రక్తకణాల గోల కాస్త ఎక్కువే, ఓపిక పట్టండి.

ఈ బ్యూడెసొనైడ్, ఆయాసం వచ్చినప్పుడు వెంటనే పీల్చే సాల్బుటమాల్ లాంటిది కాదు. పీల్చగానే ఊపిరి తేలికపడదు. స్టెరాయిడ్ కాబట్టి మెల్లగా పనిచేస్తుంది. రెండు పూటలా మానకుండా వాడితే కొన్ని వారాలకు రాత్రి దగ్గు తగ్గింది, తెల్లవారుజామున వచ్చే పిల్లికూతలు పోయాయి. అక్కడ వంక పెట్టడానికేమీ లేదు.

ఇక రక్తం సంగతి. ఇసినోఫిల్స్ తెల్ల రక్తకణాల్లో ఒక రకం. రంగు వేసిన స్లైడ్ మీద ఎర్రటి రేణువులతో ఇట్టే కనబడతాయి. ఉబ్బసం ఉన్న చాలామందిలో ఇవే శ్వాసనాళాల్లో చేరి వాపు పెంచుతాయి. మందు మొదలుపెట్టకముందు నా కౌంట్ మైక్రోలీటరుకు 600 పైమాటే. ఇప్పుడు 400 అటూ ఇటూ. ఇంతేనా అంటారేమో, ఇంతే! ఈ మందు పనంతా ఊపిరితిత్తుల్లో. వీటిని పిలిచి బతికించే ఐఎల్-5 లాంటి సంకేతాలను అక్కడే తగ్గిస్తుంది. గొంతులో పడి కడుపులోకి పోయిన మందును రక్తంలో కలిసేలోపే కాలేయం దాదాపు 90 శాతం విరిచేస్తుంది. అందుకే తేడా కఫంలో తెలిసినంతగా రక్తంలో తెలియదు.

అదే ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్రలైతే గంటల్లోనే ఇసినోఫిల్స్, లింఫోసైట్లు (ఇంకో రకం తెల్లకణాలు) పడిపోతాయి, ఇన్ఫెక్షన్‌లోనూ పెరిగే తెల్లకణాలైన న్యూట్రోఫిల్స్ పెరుగుతాయి. రిపోర్టు చూసి ఇన్ఫెక్షనేమో అని టెన్షన్ పడేవాళ్లు మా కౌంటర్ దగ్గర ఎప్పుడూ ఉంటారు. ఇన్‌హేలర్‌తో నా న్యూట్రోఫిల్స్ కదల్లేదు. నాకు బాగా నచ్చింది అదే.

ఇంకోటి, ఇసినోఫిల్స్ అంకె రోజంతా ఒకేలా ఉండదు. ఒంట్లో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్ కార్టిసాల్ ఎక్కువగా ఉండే పొద్దుటి పూట తగ్గి, రాత్రికి పెరుగుతుంది. అలర్జీ, నులిపురుగులు కూడా పెంచుతాయి. పాత రిపోర్టుతో పోల్చాలంటే అదే వేళకు రక్తం ఇవ్వండి. అంకె తగ్గలేదని మాత్రం మందు మానకండి, డాక్టర్‌కి చూపించండి.

లోపాలు లేకపోలేదు. నాది పొడి రకం. రుచీ పచీ ఉండదు, లోపలికి వెళ్లిందో లేదో తెలిసి చావదు. గట్టిగా పీల్చాలి, ఆయాసంలో అది కష్టమే. పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మేయకపోతే నోట్లో తెల్లపూత వచ్చే అవకాశం ఉంది. పుక్కిలించినా నా గొంతు బొంగురుపోయింది, పాట మానేశాను. ఆ బొంగురుకే ఒక స్టార్ కోసి నాలుగు ఇస్తున్నాను.