విడిపోయాక మిగిలిన జాయింట్ అప్పుకు లోక్ అదాలత్: ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ రాదు

భార్యాభర్తలు విడిపోయాక ఇద్దరి సంతకాలున్న అప్పు తేల్చుకోవడానికి నెల్లూరు, ఒంగోలు వాళ్ళకి దొరికే దారుల్లో ఖర్చు తక్కువా, చేతికొచ్చే కాగితం గట్టిదీ అయినది లోక్ అదాలతే, అంటే ఇరువైపులా రాజీ కుదిర్చే న్యాయ వేదికే. చిక్కల్లా వెళ్ళేవాళ్ళు అడిగే కోరికలో ఉంది. పదిమందిలో ఎక్కువమంది "లోన్లోంచి నా పేరు తీయించండి" అంటారు. పేరు తీయడం బ్యాంకు చేతిలో పని. ఎవరు ఎంత కట్టాలి, ఏ తేదీకి కట్టాలి, కట్టకపోతే ఎలా వసూలు చేసుకోవాలి అన్నవి మాత్రం లోక్ అదాలత్ తేల్చగలదు. ఈ తేడా తెలిసి వెళ్తే ఐదుకు నాలుగు మార్కులు వేయొచ్చు. తెలియకుండా వెళ్తే రెండు కూడా ఎక్కువే.

దరఖాస్తు పెట్టేది జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో. నెల్లూరులోనూ ఒంగోలులోనూ జిల్లా కోర్టు ఆవరణలోనే ఉంటుంది. కావలి, కందుకూరు లాంటి కోర్టున్న ఊళ్ళవాళ్ళు అక్కడి మండల న్యాయ సేవా కమిటీలో ఇవ్వొచ్చు. కోర్టులో కేసు లేకపోయినా పర్వాలేదు, కేసుకు ముందే పెట్టుకునే ఈ దరఖాస్తునే ప్రీ లిటిగేషన్ అంటారు. దీనికి కోర్టు ఫీజు లేదు. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఆడవాళ్ళకీ, ఎస్సీ ఎస్టీలకీ ఆదాయంతో పని లేకుండా లాయర్ని కూడా ఉచితంగా ఇస్తారు. ముందుగా ఫోన్లో అడగాలంటే 15100.

దరఖాస్తు రెండు పేజీలు దాటనక్కర్లేదు. కాపురంలో ఏం జరిగిందో రాస్తూ పోతే అసలు సంగతి నాలుగో పేజీకి గానీ రాదు. లోన్ నంబరు, మంజూరైన తేదీ, నేటికి ఎంత బాకీ, ఈఎంఐ ఎంత, విడిపోయిన తేదీ నుంచి ఎవరు ఎన్ని నెలలు కట్టారు, ఇప్పుడు ఏం కోరుతున్నారు, ఇవి చాలు. వెంట శాంక్షన్ లెటర్, లోన్ స్టేట్‌మెంట్, ఈఎంఐ కట్టిన అకౌంట్ స్టేట్‌మెంట్, విడాకుల డిక్రీ ఉంటే దాని కాపీ, ఇల్లయితే తాజా ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం) పెట్టండి. అవతలి మనిషి ఒక్కరినే పార్టీగా వేసి ఊరుకోవద్దు. బ్యాంకు బ్రాంచి మేనేజర్ని కూడా పార్టీగా వేయాలి. చాలా దరఖాస్తులు ఇక్కడే దెబ్బతింటాయి.

ఎందుకంటే బ్యాంకుకు మీ విడాకులతో సంబంధం లేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 43వ సెక్షన్ ప్రకారం ఇద్దరు కలిసి ఒప్పుకున్న బాకీని మొత్తంగా ఏ ఒక్కరి దగ్గరైనా అడగొచ్చు. సగం సగం అన్న లెక్క అప్పిచ్చినవాడికి లేదు, అది అప్పు తీసుకున్న ఇద్దరి మధ్య లెక్క. "హోమ్ లోన్ భర్తే కట్టుకోవాలి" అని డిక్రీలో ఉన్నా, ఆయన కట్టకపోతే బ్యాంకు ఫోన్ వచ్చేది ఆవిడకే, సిబిల్ (క్రెడిట్ స్కోరు) పడిపోయేది ఇద్దరికీ. కట్టిన మనిషి తన వాటాకు మించి కట్టినదాన్ని రెండో మనిషి దగ్గర రాబట్టుకోవచ్చు గానీ, కట్టిన మూడేళ్ళలోపు అడగాలి. రసీదులు పారేసుకున్నవాళ్ళకి ఈ హక్కు ఉన్నా లేనట్టే.

కాబట్టి లోక్ అదాలత్‌కి ముందు బ్యాంకులో చేయాల్సిన పని ఒకటుంది. ఒక్కరి పేరు మీదికి లోన్ మార్చాలంటే ఆ ఒక్కరి ఆదాయం సరిపోతుందో లేదో బ్యాంకు మళ్ళీ మొదటి నుంచి చూస్తుంది. ఈఎంఐ జీతంలో సగం దాటితే సాధారణంగా ఒప్పుకోదు. ఒక లెక్క చూడండి. బాకీ 18 లక్షలు, వడ్డీ 8.5 శాతం, ఇంకా 15 ఏళ్ళు. లక్షకు నెలకు 985 రూపాయల చొప్పున ఈఎంఐ సుమారు 17,725. ఇల్లు ఉంచుకునే మనిషి జీతం 32,000 అయితే అందులో సగం 16,000. అంటే 1,725 రూపాయల దగ్గర పేరు మార్పు ఆగిపోతుంది. బాకీని 16 లక్షలకు దించితే ఈఎంఐ 15,756 అవుతుంది, దారి తెరుచుకుంటుంది. ఇప్పుడు లోక్ అదాలత్‌లో అడగాల్సిన అంకె తెలిసింది: రెండు లక్షలు. అది నగదుగా చేతికి కాదు, నేరుగా లోన్ అకౌంట్‌కి. ఫ్లోటింగ్ వడ్డీ మీద వ్యక్తులు తీసుకున్న ఇంటి లోన్‌కి ముందస్తు చెల్లింపు జరిమానా లేదు గనక ఆ రెండు లక్షలూ పూర్తిగా అసలుకే పోతాయి. అంత డబ్బు లేకపోతే అన్ననో తండ్రినో కొత్త కో-బారోయర్‌గా చేర్చడం, లేదా ఒక్కరి పేరుతో వేరే బ్యాంకుకు లోన్ మార్చుకోవడం మిగిలిన దారులు. ఏదైనా సరే, "ఫలానా షరతు నెరవేరితే పేరు తీస్తాం" అని బ్యాంకు చేత రాతపూర్వకంగా తెచ్చుకుని, దాన్ని దరఖాస్తుకు జత చేయాలి.

ఇక అవార్డు. రాజీ కుదిరితే బెంచి ఇచ్చే ఈ కాగితం అదే 1987 చట్టం 21వ సెక్షన్ ప్రకారం సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. పన్నెండేళ్ళ వరకు ఈపీ (అమలు కోరే పిటిషన్) వేసి అమలు చేయించుకోవచ్చు. ఈ సేవలో అసలు విలువంతా ఇక్కడే ఉంది. అయితే డిక్రీకి ఎంత బలముందో అందులోని వాక్యానికీ అంతే బలముండాలి. "లోన్ విషయం ఇరుపక్షాలు సామరస్యంగా చూసుకుంటారు" అని రాసిన అవార్డుతో ఈపీ వేయలేరు, అమలు చేయడానికి అందులో ఏమీ లేదు. ఇలా రాయించుకోవాలి: "రెండో పార్టీ ఫలానా నంబరు లోన్ అకౌంట్‌కు 2,00,000 రూపాయలు ఫలానా తేదీలోగా నేరుగా జమ చేస్తారు. చేయని పక్షంలో ఆ తేదీ నుంచి సాలీనా 12 శాతం వడ్డీతో మొదటి పార్టీ వసూలు చేసుకోవచ్చు. పేరు మారేవరకు వచ్చే ఈఎంఐలు మొదటి పార్టీ కడతారు." అకౌంట్ నంబరు, అంకె, తేదీ, తప్పితే ఏమిటి. ఈ నాలుగూ లేనిదే సంతకం పెట్టొద్దు. లోక్ అదాలత్ రోజు హడావిడి ఎక్కువ, ఎదురుగా బోలెడు ఫైళ్ళు ఉంటాయి. వాక్యాలు అక్కడ కూర్చుని ఆలోచించేవి కావు, ఇంటి దగ్గరే తెల్ల కాగితం మీద రాసి తీసుకెళ్ళాలి.

ఇల్లు కూడా ఇద్దరి పేరు మీద ఉంటే అవార్డులో "ఇల్లు ఆవిడకే" అని రాసుకున్నంత మాత్రాన ఈసీలో పేరు మారుతుందని నమ్ముకోకండి. రిజిస్ట్రార్ ఆఫీసులో హక్కు విడుదల దస్తావేజు విడిగా రిజిస్టర్ చేయించుకోవడం క్షేమం. తాకట్టులో ఉన్న ఆస్తి గనక దానికి బ్యాంకు ఎన్ఓసీ కావాలి. వరస ముఖ్యం: ముందు బ్యాంకు ఒప్పుకోలు, తర్వాత అవార్డు, తర్వాత దస్తావేజు. వరస తిప్పి ముందే హక్కు వదిలేసుకున్నవాళ్ళకి ఇంట్లో వాటా పోతుంది, లోన్లో పేరు మిగిలిపోతుంది. జాయింట్ అప్పుల్లో ఇంతకన్నా చెడ్డ స్థితి ఇంకొకటి లేదు.

మొండి బకాయి అయిపోయిన లోన్లకి జాతీయ లోక్ అదాలత్ రోజున బ్యాంకులు తగ్గింపుతో సెటిల్‌మెంట్ ఇస్తాయి. ఏడాదికి నాలుగుసార్లు జరిగే ఈ అదాలత్‌లకి బ్యాంకు ఆఫీసర్లు టేబుల్ వేసుకుని మరీ కూర్చుంటారు. మూడు లక్షల బాకీ లక్షా ఎనభైకి తేలిందంటే సంతోషమే. కానీ క్రెడిట్ రిపోర్టులో ఆ లోన్ "క్లోజ్డ్" అని కాకుండా "సెటిల్డ్" అని పడుతుంది, అదీ ఇద్దరి రిపోర్టుల్లోనూ. రెండేళ్ళలో మళ్ళీ ఇంటి లోన్ కావాలనుకునేవాళ్ళు ఈ తగ్గింపును రెండుసార్లు ఆలోచించి తీసుకోవాలి. బాకీ చిన్నదైతే పూర్తిగా కట్టి క్లోజ్ చేయించుకోవడమే చవక.

మన వైపు బ్యాంకు లోన్ కన్నా ఎక్కువ చిక్కు ప్రోనోటు దగ్గర వస్తుంది. రొయ్యల గుంటకో పొగాకు పెట్టుబడికో రెండు రూపాయల వడ్డీకి, అంటే ఏడాదికి 24 శాతానికి, భార్యాభర్తలిద్దరూ సంతకం పెట్టి తెచ్చిన నోట్లు ఇవి. అడిగినప్పుడు ఇస్తామని రాసిన నోటుకు రాసిన తేదీ నుంచి మూడేళ్ళే గడువు. మధ్యలో కొంత కట్టి నోటు వెనక చెల్లు వేసి సంతకం పెడితే ఆ తేదీ నుంచి మళ్ళీ మూడేళ్ళు. విడిపోయాక భర్త ఒక్కడే వెయ్యి రూపాయలు కట్టి చెల్లు వేస్తే భార్య మీద కూడా గడువు పెరుగుతుందా? పెరగదు. 1963 నాటి లిమిటేషన్ చట్టం 20వ సెక్షన్ ఈ మాట స్పష్టంగా చెప్పింది: కలిసి అప్పు చేసినవాళ్ళలో ఒకరు కట్టినంత మాత్రాన, ఒకరు ఒప్పుకుని రాసినంత మాత్రాన రెండోవాళ్ళు బాధ్యులు కారు. ఈ సంగతి అప్పిచ్చినవాళ్ళకి బాగా తెలుసు. అందుకే "ఊరికే ఒక్క సంతకం పెట్టమ్మా, వడ్డీ తగ్గిస్తా" అంటూ ఇంటికొస్తారు. గడువులోపు పెడితే మళ్ళీ మూడేళ్ళు పెరుగుతుంది, గడువు దాటాక "కడతాను" అని రాసి పెడితే చచ్చిన నోటుకు ప్రాణం పోసినట్టే.

ఇదే ప్రమాదం లోక్ అదాలత్‌లోనూ ఉంది. అప్పిచ్చినాయన దరఖాస్తు పెట్టి మీకు నోటీసు వచ్చిందనుకోండి. నోటు తేదీ చూడకుండా "నెలకు రెండు వేలు కడతాను" అని ఒప్పుకుంటే గడువు దాటిన నోటు కాస్తా పన్నెండేళ్ళ డిక్రీ అయి కూర్చుంటుంది. అక్కడికి వెళ్ళిన రోజు మొదట అడగాల్సింది ఒరిజినల్ నోటు. ముందు తేదీ, తర్వాత వెనక వైపు చెల్లులు, ఒక్కో చెల్లు కింద ఎవరి సంతకం ఉందో చూడాలి. ఫోటో తీసుకోనివ్వకపోతే ఆ రోజు ఏదీ ఒప్పుకోనక్కర్లేదు.

మేత డీలర్ దగ్గర ఉన్న ఖాళీ చెక్కుల సంగతి కొంచెం నయం. జాయింట్ అకౌంట్ చెక్కు బౌన్స్ అయితే పెట్టే 138వ సెక్షన్ క్రిమినల్ కేసు సంతకం పెట్టినవాళ్ళ మీదే నిలబడుతుంది, అకౌంట్లో పేరున్న రెండోవాళ్ళ మీద కాదు. సుప్రీంకోర్టు 2013లో ఈ మాట తేల్చేసింది.

బంగారం లోన్ వేరే రకం. నగలు ఆవిడవే అయినా, తాకట్టు పెట్టింది ఆయనైతే విడిపించుకునే హక్కూ, వేలం నోటీసూ ఆయనకే పోతాయి. ఆవిడకు తెలిసేసరికి వేలం అయిపోయి ఉంటుంది. తాకట్టు రసీదు కాపీ సంపాదించి, రసీదు నంబరు, గ్రాస్ వెయిట్, నెట్ వెయిట్ అవార్డులో ఎక్కించి, ఫలానా తేదీకి విడిపించి అప్పగించాలని రాయించుకోవాలి. "నగలు తిరిగి ఇస్తారు" అంటే ఏ నగలని రేపు అడుగుతారు.

మిగతావి చిన్నవి. క్రెడిట్ కార్డుకు జాయింట్ అంటూ లేదు, యాడ్ ఆన్ కార్డు మీద గీకినదంతా మెయిన్ కార్డు మనిషిదే. విడిపోయిన రోజే ఆపించండి. బండి లోన్ తీరాక ఫారం 35తో హైపోథికేషన్ (ఆర్సీ మీద బ్యాంకు పేరు) తీయించి, 29, 30 ఫారాలతో పేరు మార్చుకోవాలి. నడుస్తున్న లోన్‌కి హామీ సంతకం పెట్టినవాళ్ళు ఉత్తరం రాసి తప్పుకోలేరు. డ్వాక్రా గ్రూపు లోన్‌కి బ్యాంకు లెక్కలో మొగుడితో పని లేదు. డబ్బు ఆయనే వాడుకున్నాడని చేతిరాత ఉంటే ఆ మొత్తం వరకు ఆయన మీద ప్రీ లిటిగేషన్ పెట్టొచ్చు. పొదుపు లక్ష్మి గ్రూపులు మొదలైన నెల్లూరు జిల్లాలో ఈ రాత రాయించుకునే అలవాటు మాత్రం ఇంకా రాలేదు.

మార్కులు ఎక్కడ తగ్గించాలో కూడా చెప్పాలి. అవతలి మనిషి రాకపోతే లోక్ అదాలత్ ఏమీ చేయలేదు, నోటీసు ఇచ్చి, రాలేదని మూసేస్తుంది. ఇష్టం లేనివాళ్ళ మీద తీర్పు చెప్పే అధికారం దానికి లేదు. హైదరాబాదులోనో గల్ఫ్‌లోనో ఉన్నవాళ్ళైతే పవర్ ఆఫ్ అటార్నీ ఇచ్చి మనిషిని పంపేలా ముందే మాట్లాడుకోవాలి. బ్యాంకు తరఫున వచ్చిన ఆఫీసర్‌కి సంతకం పెట్టే అధికారం ఎంతవరకు ఉందో కూర్చోకముందే అడగాలి. పైవాళ్ళని అడగాలి అంటే ఆ వాయిదా పోయినట్టే. కొట్టడం, బెదిరించడం ఉన్న కాపురాలకి ఎదురెదురుగా కూర్చునే ఈ పద్ధతి మేము సూచించం. వాళ్ళకి 2005 నాటి గృహహింస చట్టం 20వ సెక్షన్ కింద మేజిస్ట్రేట్ దగ్గర డబ్బు ఉత్తర్వు అడిగే దారి ఉంది.

అన్నీ అయ్యాక రెండు తేదీలు క్యాలెండర్లో రాసుకోండి. లోన్ పూర్తిగా తీరిన 30 రోజుల్లో బ్యాంకు ఒరిజినల్ దస్తావేజులు తిరిగివ్వాలి, బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయలు మీకివ్వాలి. ఇద్దరి పేరు మీద దస్తావేజులుంటే ఎవరు తీసుకోవాలో అవార్డులోనే రాసుకోండి, లేకపోతే కౌంటర్ దగ్గర మళ్ళీ పేచీ. రెండోది, నెలన్నర తర్వాత సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అనే నాలుగు క్రెడిట్ సంస్థల్లోనూ ఏడాదికొకసారి ఇచ్చే ఉచిత రిపోర్టు తీసి చూడండి. ఒకదాంట్లో సరిచేసి ఇంకోదాంట్లో వదిలేయడం మామూలే. తప్పుంటే ఫిర్యాదు పెట్టిన 30 రోజుల్లో సరిచేయాలి, దాటితే రోజుకు 100 రూపాయలు. బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి ఫిర్యాదు చేయొచ్చు, ఫోన్ 14448. ఫిర్యాదుకు అవార్డు కాపీ, లోన్ క్లోజర్ లెటర్ రెండూ జత చేయండి.