చరిత్ర ఆచార్యుడిగా ఉండాలా, వైస్ ఛాన్సలర్ కావాలా?

బ్రిటన్‌లో పేరున్న చరిత్రకారులకు నడివయసులో ఎదురయ్యే ప్రశ్న ఇది. ఏసా బ్రిగ్స్ రెండు పనులూ చేశారు. లీడ్స్‌లో ఆచార్యుడిగా ఉండి, 1961లో కొత్తగా మొదలైన ససెక్స్ విశ్వవిద్యాలయానికి వచ్చారు. 1967 నుంచి 1976 వరకు దానికి వైస్ ఛాన్సలర్.

జీతం: పాలకుడిదే, అంటే వైస్ ఛాన్సలర్‌దే, ఎక్కువ.

సమయం: ఆచార్యుడి సెలవులు పాత దస్తావేజులకు దక్కుతాయి. పాలకుడి సెలవులను బడ్జెట్లు, నియామకాలు, సమావేశాలు తినేస్తాయి. బ్రిటిష్ ప్రసారాల చరిత్రను బ్రిగ్స్ ఐదు సంపుటాలుగా రాశారు. అవి వచ్చిన ఏళ్లు 1961, 1965, 1970, 1979, 1995. ఎడం ఎలా పెరిగిందో చూడండి. పదవి ఒక్కటే కారణమని అనలేం. కానీ అంత వేగంగా రాయగల మనిషికే ఇంత కాలం పట్టిందంటే, మిగతావారు జాగ్రత్తగా లెక్క వేసుకోవాలి.

ప్రభావం: మంచి గ్రంథం గతాన్ని చూసే తీరును మారుస్తుంది. పదవి చదువు స్వరూపాన్నే మారుస్తుంది. ఒక్కో శాఖకు ఒక్కో గోడ కట్టకుండా, పలు విషయాలను కలిపి బోధించే పద్ధతిని ససెక్స్‌లో తీర్చిదిద్దినవారిలో బ్రిగ్స్ ముఖ్యులు. నాకు ఆయన పుస్తకాలంత విలువైన పని అది.

ప్రమాదం: ఆచార్యుడి పొరపాటును మరో పరిశోధకుడు దిద్దుతాడు. పాలకుడు మూసిన శాఖ మళ్లీ తెరుచుకోవడం కష్టం.

పెద్ద గ్రంథం సగంలో ఉంటే ఆచార్య పదవిని వదలవద్దు. సంస్థ కొత్తదై, దాన్ని మలిచే అవకాశం నిజంగా ఉంటే పాలన వైపు వెళ్లండి. రెండూ కావాలనుకునేవారికి ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ కళాశాలల అధిపతి పదవి నయం. చరిత్రకారుడు కీత్ థామస్ 1986 నుంచి 2000 వరకు ఆక్స్‌ఫర్డ్‌లోని కార్పస్ క్రిస్టీ కళాశాలలో ఆ దారినే నడిచారు.